వినోద పరిశ్రమలోని వారు ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పరు?

శోధిని:

సినిమా, టెలివిజన్, సంగీత రంగాల్లో నిర్ణయాలు నిజంగా ఎవరి చేతిలో ఉంటాయి, కథను చివరి నిమిషంలో ఎవరు మారుస్తారు, టైటిల్ కార్డులోకి పేరు ఎలా వస్తుంది, ఎలా పోతుంది, పారితోషికం ఎందుకు ఆలస్యమవుతుంది అనే విషయాల మీద ఒక సుదీర్ఘ వ్యాసం కోసం కొంతకాలంగా ఆ రంగాల్లో పనిచేసేవారిని కలుస్తున్నాను. వారిలో ఎక్కువమంది మర్యాదస్తులు, అడిగిన సమయం ఇచ్చినవారు, చక్కగా మాట్లాడగలవారు. అయినా రికార్డర్ నడుస్తున్నంతసేపూ నాకు దక్కేవి అవే మాటలు: అందరం ఒక కుటుంబంలా పనిచేశాం, దర్శకుడు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు, నిర్మాత ఎక్కడా రాజీ పడలేదు. రికార్డర్ ఆపి సర్దుకుంటున్నప్పుడు మాత్రం అదే మనిషి, అదే సినిమా గురించి, అంతకుముందు చెప్పినదానికి పూర్తిగా ఎదురైన కథ మొదలుపెడతారు. చివర్లో "ఇది మాత్రం రాయకండి" అంటారు.

నేను ఎవరి వ్యక్తిగత జీవితాన్నీ తవ్వడం లేదు. పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనుకుంటున్నాను, అంతే. ఇంత నిరపాయకరమైన విషయానికి కూడా ఇంత జంకు ఎందుకు? పేరు రాయనని మాటిచ్చి రాబట్టిన సమాచారంతో వ్యాసం రాస్తే దానికి విలువ ఉంటుందా? ఈ రంగాన్ని లోపలి నుంచి చూసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

పాత పీఆర్వో:

శోధిని గారూ, మీరు కలిసినవారు అబద్ధం చెప్పలేదు. వారు ఉద్యోగం చేశారు. ఈ రంగంలో ఇంటర్వ్యూ అనేది సంభాషణ కాదు, సినిమా ప్రచారంలో ఒక భాగం. నటీనటుల ఒప్పందాల్లో ప్రచారానికి ఇన్ని రోజులు కేటాయించాలని ఒక నిబంధన ఉంటుంది, సినిమాకు గానీ సంస్థకు గానీ నష్టం కలిగించేలా మాట్లాడకూడదని మరో నిబంధన ఉంటుంది. పెద్ద సినిమాల విడుదల సమయంలో విలేకరులను వరసగా లోపలికి పంపి ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలే ఇస్తారు, మా వంటివారు పక్కనే కూర్చుని వింటూ ఉంటారు, ప్రశ్న దారి తప్పితే గొంతు సవరించుకుంటారు. అటువంటి గదిలో కర్ర విరగకుండా, పాము చావకుండా మాట్లాడడం తప్ప ఎవరైనా ఏం చేయగలరు?

ఇది ఈనాటి అలవాటు కూడా కాదు. 1921లో హాలీవుడ్ హాస్యనటుడు ఫ్యాటీ ఆర్‌బకల్ ఒక నటి మరణం కేసులో అరెస్టయిన తరువాత యూనివర్సల్ సంస్థ తన నటుల ఒప్పందాల్లో నడవడికకు సంబంధించిన నిబంధనను చేర్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో హాలీవుడ్ స్టూడియోల ప్రచార విభాగాలే తారల జీవిత కథలను తయారుచేసి పత్రికలకు అందించేవి. తార ఏం మాట్లాడాలో నిర్ణయించే హక్కు తారది కాదన్న భావన అలా స్థిరపడింది. ఇప్పుడు స్టూడియో స్థానంలో మేనేజర్, ఏజెంటు, బ్రాండు ఒప్పందం, సామాజిక మాధ్యమాల బృందం వచ్చి చేరాయి, కాబట్టి కాపలాదారుల సంఖ్య పెరిగిందే గానీ తగ్గలేదు.

నా సలహా ఒక్కటే. విడుదలకు ముందూ వెనకా ఉన్న ఆ కొద్ది వారాలు వారి జోలికి వెళ్లకండి. సినిమా ఆడిందో లేదో తేలిపోయి, తరువాతి పని ఇంకా మొదలుకాని విరామంలో వెళ్లండి. అప్పుడు కాపలా కూడా సడలి ఉంటుంది.

కత్తెర:

పాత పీఆర్వో గారు చెప్పినది తారల సంగతి. నేను ఎడిటింగ్ గదుల్లో పనిచేసేవాడిని. మా వంటివారికి ప్రచార నిబంధనలు వర్తించవు, మమ్మల్ని ఇంటర్వ్యూ చేసేవారు కూడా తక్కువ. అయినా మేము మాట్లాడం. కారణం ఒప్పందం కాదు, తరువాతి ఒప్పందం.

మాకు నెల జీతం లేదు, ఒక సినిమా అయిపోతే ఇంకో సినిమా ఎక్కడి నుంచో రావాలి. అది ప్రకటన ద్వారా రాదు, పరీక్ష ద్వారా రాదు, ఒక నిర్మాత ఇంకో నిర్మాతను "ఆ కుర్రాడు ఎలాంటివాడు?" అని అడిగితే, ఆయన చెప్పే ఒక్క మాట మీద వస్తుంది. ఆ మాటలో "పని బాగా చేస్తాడు గానీ కొంచెం నోరెక్కువ" అన్న తోక ఉంటే చాలు. ఎవరూ మనల్ని తీసేయరు, తిట్టరు, బెదిరించరు. ఫోను మోగడం ఆగిపోతుంది. పొమ్మనకుండా పొగబెట్టడమంటే ఇదే. దానిని నిరూపించడానికి చేతిలో కాగితం ఉండదు, అసలు అలా జరిగిందో, లేక ఆ యేడాది పనులే తక్కువగా ఉన్నాయో మనకే తెలియదు.

1947లో అమెరికాలో కమ్యూనిస్టు ముద్ర వేసి పదిమంది రచయితలను, దర్శకులను వెలివేసినప్పుడు స్టూడియోల అధిపతులు ఆ నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించారు. అందుకే చరిత్రకు ఆ పేర్లు తెలుసు. కాగితం మీదికి రాని వెలి మాటేమిటి? దర్శకుడు పీటర్ జాక్సన్ 2017 డిసెంబరులో ఒక సంగతి బయటపెట్టారు. 1990ల చివర్లో మిరామాక్స్ సంస్థవారు యాష్లీ జడ్, మీరా సొర్వీనోలతో పనిచేయడం కష్టమని తనతో చెప్పారని, అందువల్లనే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చిత్రాల తారాగణానికి వారిని పరిశీలించడం మానేశానని, అది కావాలని చేసిన దుష్ప్రచారమేమోనని ఇప్పుడు అనుమానం వస్తోందని అన్నారు. అప్పట్లో మిరామాక్స్‌ను నడిపిన, ఈ ఇద్దరూ లైంగిక వేధింపుల ఆరోపణ చేసిన నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ తరఫువారు దానిని ఖండించారు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ ఇద్దరు నటీమణులకూ తమకు దక్కని అవకాశం వెనుక ఏముందో దాదాపు 20 ఏళ్లు తెలియలేదన్నది గమనించండి. అంత పేరున్నవారికే ఆ గతి పడితే, పేరే లేని అసిస్టెంటు ఎడిటర్ ఏ ధైర్యంతో మీ రికార్డర్ ముందు కూర్చుంటాడు?

వకాలతు:

ఒప్పందాలు చదవడం నా వృత్తి గనుక ఆ కోణం చెబుతాను. రహస్యం కాపాడాలనే ఒప్పందాలన్నీ ఒకటి కావు. కథ, సన్నివేశాలు, పాటలు ముందే బయటికి పొక్కకుండా పనిలో చేరేటప్పుడు రాయించుకునేది ఒక రకం, అందులో తప్పేమీ లేదు. వివాదం వచ్చాక, డబ్బు ఇచ్చి, ఇక జీవితంలో నోరు విప్పనని రాయించుకునేది వేరే రకం. రెండో దానికి జెల్డా పెర్కిన్స్ ఉదంతం మించిన ఉదాహరణ దొరకదు. వైన్‌స్టీన్ వద్ద లండన్‌లో సహాయకురాలిగా పనిచేసిన ఆమె, తన సహోద్యోగిని మీద జరిగిన దానిని ప్రశ్నించి, 1998లో అలాంటి ఒప్పందం మీద సంతకం చేయవలసి వచ్చింది. తాను సంతకం చేసిన ఆ పత్రం ప్రతిని పూర్తిగా తన దగ్గర ఉంచుకునే వీలు కూడా ఆమెకు లేదు. 2017 అక్టోబరులో ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించి మాట్లాడేవరకు, దాదాపు 19 ఏళ్లు ఆమె మౌనం కొనసాగింది.

తరువాత చట్టాలు కొంత మారాయి. లైంగిక వేధింపుల కేసుల్లో వాస్తవాలను దాచిపెట్టే రాజీ పత్రాలను కాలిఫోర్నియా రాష్ట్రం 2019 నుంచి పరిమితం చేసింది. వివాదం రాకముందే రాయించుకున్న మౌన నిబంధనలు అటువంటి కేసుల్లో చెల్లవని 2022 డిసెంబరులో అమెరికా కేంద్ర చట్టం వచ్చింది. అయితే ఇవి వేధింపులకు మాత్రమే వర్తిస్తాయి. శోధిని గారు అడుగుతున్న కథ మార్పులు, పేరు తొలగింపులు, బాకీపడ్డ పారితోషికాలు వీటి పరిధిలోకి రావు. నిరపాయకరమని మీరనుకుంటున్న ప్రశ్నలకే రక్షణ తక్కువ.

భారతదేశంలో అదనంగా మరో బరువు ఉంది. పరువునష్టం ఇక్కడ సివిల్ తగాదా మాత్రమే కాదు, నేరం కూడా. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. చెప్పినది నిజమని చూపితే సరిపోదు, ప్రజాప్రయోజనం కోసం చెప్పానని కూడా చూపాలి. కేసు గెలుస్తామా ఓడుతామా అన్నది తరువాతి మాట. వాయిదాలకు తిరగడమే శిక్ష అయినప్పుడు ఒక్క నోటీసుతోనే చాలామంది నోళ్లు మూతపడతాయి.

ఎదురుగాలి:

నాకు ఈ చర్చ నడుస్తున్న దిశ నచ్చడం లేదు. అందరూ "వాళ్లెందుకు మాట్లాడరు" అన్న ప్రశ్నకే జవాబులు వెతుకుతున్నారు. మాట్లాడినవారిని ఎవరు విన్నారు?

జపాన్‌లో జానీ కిటగావా స్థాపించిన సంస్థ సంగతి చూడండి. కుర్రాళ్లతో సంగీత బృందాలను తయారుచేసిన ఆ సంస్థలో బాలురపై ఆయన సాగిస్తున్న లైంగిక దోపిడీ గురించి షూకన్ బున్‌షున్ వారపత్రిక 1999లోనే వరసగా కథనాలు రాసింది. సంస్థ పరువునష్టం దావా వేస్తే, ఆరోపణల్లో ప్రధానమైన భాగం నిజమని టోక్యో హైకోర్టు 2003లో తేల్చింది, 2004లో సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చింది. అంటే బాధితులు మాట్లాడారు, పత్రిక రాసింది, న్యాయస్థానం నమ్మింది. అయినా పెద్ద పత్రికలు, టీవీ చానళ్లు దానిని దాదాపు పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ సంస్థ తారలు లేకుండా చానళ్ల కార్యక్రమాలు నడవవు. కిటగావా 2019లో సగౌరవంగా కన్నుమూశారు. 2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చాక గానీ దేశం కదలలేదు, ఆ యేడాది సెప్టెంబరులో గానీ సంస్థ ఒప్పుకోలేదు. సంస్థ నియమించిన విచారణ బృందమే తన నివేదికలో మాధ్యమాల మౌనాన్ని ఒక కారణంగా పేర్కొంది.

కాబట్టి జంకు పరిశ్రమలోని వారిది మాత్రమే అనడం అన్యాయం. వచ్చే ప్రెస్ మీట్‌కు పిలుపు రాదేమోనని జంకే విలేకరి ముందు ఏ అసిస్టెంటు నోరు విప్పుతాడు?

పాత పీఆర్వో:

ఎదురుగాలి గారి మాట చేదుగా ఉన్నా కాదనలేను. ఫలానా ప్రశ్న అడిగిన విలేకరిని తరువాతి జాబితాలో చేర్చకండి అనే ఆదేశాలు నేను అందుకున్నాను, అమలు చేశాను కూడా. అవి ఎప్పుడూ నోటిమాటగానే వచ్చేవి.

జమాఖర్చు:

డబ్బు విషయంలో ఒక చిన్న సవరణ. చెప్పకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. నిర్మాణ సంస్థల లెక్కలు చూసిన అనుభవంతో అంటున్నాను, ఒక సినిమా ఎంత సంపాదించిందో ఆ సినిమా తీసినవారిలో చాలామందికి నిజంగానే తెలియదు.

రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ పారామౌంట్ మీద వేసిన దావా ఈ సంగతిని బయటపెట్టింది. ఆయన ఇచ్చిన కథ ఆలోచనతో 1988లో వచ్చిన హాస్యచిత్రం ప్రపంచవ్యాప్తంగా 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అయినా ఒప్పందంలో రాసుకున్న లెక్క ప్రకారం, ఆయనకు వాటా రావలసిన నికర లాభమే లేదని స్టూడియో వాదించింది. ఆ లెక్కల సూత్రం న్యాయసమ్మతం కాదని 1990లో కాలిఫోర్నియా న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. దావా వేయకపోయి ఉంటే ఆ లెక్కలు ఏనాటికీ వెలుగు చూసేవి కావు.

2014 నవంబరులో సోనీ పిక్చర్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి ఉత్తరాలు బయటపడినప్పుడు కూడా అదే జరిగింది. ఒక చిత్రంలో ప్రధాన పురుష నటులకు లాభాల్లో 9 శాతం వాటా ఇచ్చి, జెన్నిఫర్ లారెన్స్‌కు 7 శాతం ఇచ్చారని అప్పుడే తేలింది. మొండిదనో, గొంతెమ్మ కోరికలదనో అనుకుంటారేమోనన్న జంకుతో తాను గట్టిగా బేరమాడలేదని ఆమె మరుసటి యేడాది రాశారు. అంత పెద్ద తారకే పక్కవారి వాటా ఎంతో తెలియాలంటే దొంగలు పడవలసి వచ్చింది. దొంగిలించిన ఉత్తరాలను వాడుకోవడం ధర్మమా అన్నది వేరే చర్చ, ఇక్కడ వద్దు.

ఓటీటీలు వచ్చాక ఈ తెలియకపోవడం ఇంకా పెరిగింది. థియేటరు వసూళ్లు ఎంత అబద్ధమైనా ఎంతో కొంత బయట కనిపించేవి. ఓటీటీలో ఎంతమంది చూశారో తీసినవారికే చెప్పేవారు కాదు. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేయడానికి ఉన్న కారణాల్లో అదొకటి. సమ్మె ముగిసినప్పుడు, సంస్థలు సొంతంగా నిర్మించిన భారీ బడ్జెట్ కార్యక్రమాలను ప్రేక్షకులు ఎన్ని గంటలు చూశారో రచయితల సంఘానికి చెప్పడానికి ఒప్పుకున్నాయి. అయితే అదీ రహస్య ఒప్పందానికి లోబడే. అదే యేడాది డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మొదటిసారిగా 18,000కు పైగా కార్యక్రమాలకు, దాదాపు 10,000 కోట్ల వీక్షణ గంటలకు సంబంధించిన పట్టికను బయటపెట్టింది.

కాబట్టి శోధిని గారూ, డబ్బు గురించి నటుణ్ణి అడగకండి, దర్శకుణ్ణి కూడా అడగకండి. ప్రొడక్షన్ మేనేజర్‌ను అడగండి. ఏ చెక్కు ఎప్పుడు ఎందుకు ఆగిందో ఆయనకు తెలుసు. ఆయనను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు గనుక తేనె పూసిన మాటలు ఆయన దగ్గర సిద్ధంగా ఉండవు.

ధ్వనిముద్రిక:

మౌఖిక చరిత్ర సేకరించేవారి వైపు నుంచి కొన్ని విషయాలు. రిటైరైన తరువాత మనుషులు స్వేచ్ఛగా మాట్లాడతారన్న నమ్మకంతోనే ఈ పని చాలాచోట్ల మొదలైంది. బ్రిటన్‌లో సినిమా, టెలివిజన్ సాంకేతిక నిపుణుల సంఘానికి చెందినవారే 1980లలో తమ పెద్దల అనుభవాలను రికార్డు చేయడం ప్రారంభించారు. అమెరికాలో టెలివిజన్ అకాడమీకి చెందిన ఫౌండేషన్ 1997 నుంచి అటువంటి సుదీర్ఘ సంభాషణలను భద్రపరుస్తోంది. వీటిలో కెమెరా పనివారు, మేకప్ కళాకారులు, రచయితలు చెప్పిన పని వివరాలు అమూల్యమైనవి.

అయితే పోగొట్టుకోవడానికి ఏమీ లేనివారి దగ్గర వేరే చిక్కు ఉంటుంది. వారు అదే కథను సన్మాన సభల్లో, పత్రికల్లో, కుటుంబంలో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన కొద్దీ కథ నునుపు తేలుతుంది, అందులో తాను ఎప్పుడూ సరైన పక్షానే ఉంటాడు, ఎదుటివాడు చనిపోయి ఉంటాడు. ఆ నునుపును దాటడానికి నాకు పనికొచ్చిన సాధనం కాగితం. పాత కాల్‌షీటు, స్క్రిప్టు మీద చేత్తో రాసిన దిద్దుబాట్లు, సెట్లో తీసిన ఫోటో ముందు పెట్టి "ఈ గీత ఎవరిది?" అని అడిగితే, మనిషి తన కథను వదిలేసి ఆ రోజులోకి వెళ్తాడు. "మీకు అన్యాయం జరిగిందా?" అని అడిగితే లేదంటాడు. "ఈ సీను ముందు పదో పేజీలో ఉండి తరువాత నలభయ్యో పేజీకి ఎందుకు వెళ్లింది?" అని అడిగితే, అన్యాయం దానంతట అదే బయటికి వస్తుంది.

ఇంకొకటి, పని తెలిసినవాడు అడిగితే పనివాడు వేరుగా మాట్లాడతాడు. 1962లో దర్శకులు ఫ్రాన్స్వా ట్రుఫో, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఎదురెదురుగా రోజుల తరబడి కూర్చుని ఒక్కొక్క చిత్రాన్నీ చర్చించినప్పుడు, హిచ్‌కాక్ తన విఫల చిత్రాల లోపాలను కూడా ఎంతో సూటిగా వివరించారు. ఎదుట ఉన్నది తోటి దర్శకుడు కాకపోతే అంత దూరం వెళ్లేవారు కాదని నా అభిప్రాయం.

మేము ఒక హామీ కూడా ఇస్తాం. చెప్పినవారు కోరితే రికార్డింగును కొన్నేళ్లపాటు, లేదా వారి మరణం తరువాత వరకు మూసి ఉంచుతాం. అచ్చుకు ముందు రాతప్రతిని చూపిస్తాం.

ఎదురుగాలి:

రాతప్రతి చూపించడమా? ధ్వనిముద్రిక గారూ, అది మేనేజరు చేతికి కత్తెర అందించడమే. చూపిన మరుక్షణం అసలు విషయమున్న వాక్యాలన్నీ మాయమవుతాయి. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా గురించి రాయడానికి వెళ్లిన విలేకరి గే టలీస్‌కు 1965లో ఆయన ఇంటర్వ్యూ ఇవ్వనే లేదు. టలీస్ చుట్టూ ఉన్నవారితో మాట్లాడి, దూరం నుంచి గమనించి రాసిన వ్యాసం 1966లో ఎస్క్వైర్ పత్రికలో వచ్చి ఇప్పటికీ చదవబడుతోంది. తార ఒప్పుకుని, రాతప్రతి చూసి దిద్ది ఉంటే ఆ వ్యాసం అలా ఉండేదా?

ధ్వనిముద్రిక:

సినాత్రాకు ఆ వ్యాసం వల్ల పోయిందేమీ లేదు. అధికారం ఉన్నవారి గురించి రాసేటప్పుడు రాతప్రతి చూపనక్కర్లేదని నేనూ అంటాను. నేను చెబుతున్నది లైట్‌బాయ్ గురించి, డబ్బింగ్ కళాకారిణి గురించి. తమ మాట ఎలా అచ్చవుతుందో ముందే చూసే అవకాశం వారికి అంతకుముందు ఎవరూ ఇచ్చి ఉండరు. నా అనుభవంలో వారు తీసేసేది తక్కువ, చేర్చేది ఎక్కువ. ఒకే నియమం అందరికీ వర్తించాలన్న పట్టుదల వల్ల నష్టపోయేది బలహీనులే.

కత్తెర:

పేరు లేకుండా రాయడం గురించి శోధిని గారు అడిగినదానికి ఇంకా సరైన జవాబు రాలేదు. పేరు తీసేస్తే సరిపోతుందన్నది బయటివారి భ్రమ. "ఒక పెద్ద చిత్రానికి పనిచేసిన సౌండ్ ఇంజనీరు, నిర్మాతతో గొడవపడి మధ్యలో తప్పుకున్నాడు" అని రాస్తే, పాఠకులకు ఆ మనిషి ఎవరో తెలియదు, కానీ పరిశ్రమలో ప్రతి ఒక్కరికీ ఆ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. భయపడేది పాఠకులకు కాదు కదా. పేరు కన్నా ముందు దాచవలసినవి సంవత్సరం, శాఖ, గొడవ జరిగిన తీరు. అవన్నీ దాచాక మిగిలేది ఏమిటన్నది మీరు తేల్చుకోవాలి.

పేరు లేని మాటకు మరో గుణం ఉంది. ఆస్కార్ ఓటర్లు కొందరు తమ పేర్లు చెప్పకుండా ఎవరికి ఎందుకు ఓటు వేశారో ప్రతి యేడూ ఒక హాలీవుడ్ పత్రికకు చెబుతుంటారు. చదివితే నిర్మొహమాటంగానే అనిపిస్తుంది. కానీ ఆ నిర్మొహమాటం అంతా ఇతరుల చిత్రాల మీదనే. ముసుగు వేసుకున్నవాడు తన పగలు తీర్చుకుంటున్నాడో, నిజం చెబుతున్నాడో మనం ఎలా పోల్చుకుంటాం? అందుకే పేరులేని మాట ఒకటి దొరికితే దాన్ని అచ్చువేయడానికి కాదు, తరువాత ఏ కాగితం వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

వకాలతు:

ఈ విషయంలో కేరళ అనుభవాన్ని పక్కన పెట్టి మాట్లాడలేం. మలయాళ సినిమా రంగంలో స్త్రీల పరిస్థితి మీద 2017లో జస్టిస్ కె. హేమ అధ్యక్షతన, నటి శారద, మాజీ ఐఏఎస్ అధికారిణి కె.బి. వత్సలకుమారి సభ్యులుగా ఒక కమిటీ ఏర్పడింది. గోప్యత హామీ మీద చాలామంది మాట్లాడారు. 2019 డిసెంబరు చివర ప్రభుత్వానికి అందిన నివేదిక, సమాచార హక్కు కింద సాగిన పోరాటం తరువాత, కొన్ని భాగాలు తొలగించిన రూపంలో 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. అంతర్గత ఫిర్యాదుల కమిటీలు ఉన్నా ప్రయోజనం ఉండదని, పరిశ్రమలో బలవంతులు ఆ సభ్యులనే బెదిరించగలరని ఆ నివేదిక అభిప్రాయపడింది. తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికను కూడా బయటపెట్టాలని ఆ నెలలోనే నటి సమంత బహిరంగంగా కోరారు.

అయితే అసలు పాఠం ఆ తరువాత ఉంది. కమిటీకి ఇచ్చిన వాంగ్మూలాల ఆధారంగా పోలీసులు ముప్పైకి పైగా కేసులు నమోదు చేశారు. కానీ వాంగ్మూలం ఇచ్చినవారు ముందుకు రాకపోవడంతో 2025లో వాటి విచారణను ముగించవలసి వచ్చింది. దీనిని చూసి కొందరు వారు చెప్పినదే అబద్ధమన్నారు. అది తొందరపాటు. తలుపులు మూసిన గదిలో ముగ్గురి ముందు మాట్లాడడానికి వారు ఒప్పుకున్నారు, కోర్టు బోనులో మాట్లాడడానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏ షరతు మీద నోరు విప్పారో ఆ షరతు మారిపోయింది, మాట ఆగిపోయింది.

కొత్తచిగురు:

ఇంతసేపూ చదువుతున్నాను. నేను ప్రస్తుతం ఒక దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తున్నాను, కాబట్టి మీరంతా చర్చిస్తున్నది నా గురించే. పెద్దలు వకాలతు గారు, కత్తెర గారు చెప్పినవన్నీ నిజమే గానీ ఒక కారణాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. భయం ఒక్కటే మమ్మల్ని ఆపదు, ఆశ కూడా ఆపుతుంది. ఇవాళ నన్ను తిట్టిన మనిషే రేపు నా కథ వింటాడు. నా మొదటి సినిమాకు ఆయనే నిర్మాతను పరిచయం చేయవచ్చు. ఆయన మీద కోపం ఎంత నిజమో, ఆయన దగ్గర నేర్చుకున్న పని మీద గౌరవం కూడా అంతే నిజం. ఇంటర్వ్యూ చేసేవారు వచ్చి ఈ రెండింటిలో ఒకదానినే తీసుకువెళతారు.

ఇంకో సంగతి. మా దగ్గరికి వచ్చేవారు ఒకసారి వచ్చి, కావలసిన ముక్క తీసుకుని, మళ్లీ కనిపించరు. అచ్చయిన రోజు మాకు ఫోన్లు వస్తాయి, వారికి రావు. అచ్చు కాకముందు ఏ రోజు వస్తుందో చెప్పండి, వచ్చాక ఒకసారి పలకరించండి. అదైనా చేసేవారు ఇంతవరకు నాకు తారసపడలేదు.

శోధిని:

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా కొత్తచిగురు గారికి, ఇంత మాట్లాడడం కూడా మీకు సులభం కాదని తెలుసు.

చదివాక నా ప్రణాళికను చాలావరకు మారుస్తున్నాను. పనిలో ఉన్న చిన్నవారిని వ్యక్తుల గురించి అడగడం మానేస్తాను, పద్ధతుల గురించి మాత్రమే అడుగుతాను. డబ్బు భాగానికి జమాఖర్చు గారు చెప్పినట్టు ప్రొడక్షన్ మేనేజర్లను, కోర్టు దస్తావేజులను ఆశ్రయిస్తాను. కథ మార్పుల భాగానికి స్క్రిప్టు ప్రతులు దొరికిన చిత్రాలనే ఎంచుకుంటాను, దానివల్ల వ్యాసం చిన్నదైనా సరే. రాతప్రతి విషయంలో ధ్వనిముద్రిక గారి పక్షాన ఉంటాను, పెద్ద పేర్లకు మాత్రం ఎదురుగాలి గారి నియమమే.

ఒక్క సందేహం మిగిలింది. నాతో మాట్లాడినవారి రికార్డింగులను కొన్నేళ్లు మూసి ఉంచుతానని రాసి ఇస్తే, ఆ మాట నిలబడుతుందా?

వకాలతు:

కోర్టు అడగనంతవరకు నిలబడుతుంది. ఉత్తర ఐర్లండ్ ఘర్షణల్లో పాల్గొన్నవారితో అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున జరిపిన సంభాషణలను వారు బతికున్నంతకాలం బయటపెట్టబోమని హామీ ఇచ్చారు. 2011లో బ్రిటిష్ అధికారుల కోరిక మీద అమెరికా న్యాయస్థానం నుంచి ఆదేశాలు వచ్చాయి, చివరికి కొన్ని టేపులు అప్పగించవలసి వచ్చింది. భారతదేశంలో 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం విలేకరి తన ఆధారాన్ని వెల్లడించనక్కర్లేదని చెబుతుంది గానీ, అది కౌన్సిల్ ఎదుట జరిగే విచారణకే పరిమితం. కోర్టు ఎదుట అటువంటి కచ్చితమైన రక్షణ లేదు.

కాబట్టి మీ అంగీకార పత్రంలో "చట్టం అనుమతించినంత మేరకు" అన్న మాట తప్పనిసరిగా చేర్చండి, సంతకానికి ముందు దాని అర్థం నోటితో వివరించండి. పేర్ల జాబితాను రికార్డింగులతో కలిపి ఒకేచోట ఉంచకండి. నేరానికి సంబంధించిన విషయం ఎవరైనా చెప్పబోతున్నారని అనిపిస్తే, రికార్డర్ ఆపి, ముందుగా ఒక న్యాయవాదిని కలవమని వారికే చెప్పండి. నమూనా పత్రం ఒకటి ఈ వారాంతంలో తయారుచేసి ఇక్కడే పెడతాను, ధ్వనిముద్రిక గారు కూడా ఒకసారి చూసి దిద్దితే మేలు.